మహానగరము – పరిసర సీమ

గండిపేట నీరు త్రాగినవారు హైదరాబాదు విడిచి పోలేరని పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ నీటిని నగరమునకు పంపిన పల్లెలను తలచినవారు మాత్రము తక్కువ.

ఒక దేశమునందలి జనము, ధనము, విద్య, అధికారము ఒకే నగరమున చేరి, తక్కిన పట్టణములు దాని ముందు చిన్నబోవుట కలదు. రెండవ పట్టణమునకు కనీసము రెండింతలుండు ఇట్టి ప్రధాన నగరములను గూర్చి 1939లో మార్క్ జెఫర్సన్ అను అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు వ్రాసినాడు. థాయిలాండునకు బాంకాక్ అట్టిది. భారతదేశమంతటికీ అట్టి నగరము లేదు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా ఒకదానితో ఒకటి పోటీపడుచున్నవి. కాని తెలంగాణమున చూడుడు. 2011 జనాభా లెక్కలలో హైదరాబాదు మహానగరమున 67 లక్షల జనము. తరువాతిదైన వరంగల్లున 9 లక్షలకు లోపే.

ఈ ఆధిక్యము నేటిది కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నెలకొల్పిన ఈ నగరము అసఫ్‌జాహీల ఏలుబడిలో రాజ్యమునకంతటికీ కేంద్రమైనది. దాని చుట్టునున్న జిల్లాకు పెట్టిన పేరు అత్రాఫ్-ఎ-బల్దా. అనగా 'నగర పరిసరములు'. ఆ సీమకు సొంత పేరైనను దక్కలేదు. అచటి శిస్తు సర్ఫెఖాస్ అను నిజాము సొంత ఖజానాకు చేరెడిది. 1949లో ఆ ఏర్పాటు ముగిసినది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమున వేలమందిని బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన జలాశయములు కట్టినారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. నగరమునకు వరద భయము తగ్గినది, త్రాగునీరు దొరకినది. ఆ రెంటి నడుమ మొయినాబాదు, ఎగువన చేవెళ్ల ఉన్నవి.

పిమ్మట 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి జలములు నగరమునకు వచ్చినవి. ఈలోగా 1996 మార్చిలో, జలాశయముల రక్షణకై 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో పెద్ద కట్టడములను, పరిశ్రమలను నిషేధించుచు ప్రభుత్వము 111వ ఉత్తర్వు జారీచేసినది. హద్దుకావల భూములు మేడలైనవి. ఈవల రైతు కూరగాయలు, పూలు పండించి నగరమునకు పంపుచునే ఉన్నాడు. 2022లో 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించినది. 2023 మేలో మంత్రివర్గము 111వ ఉత్తర్వును పూర్తిగా రద్దుచేయ నిశ్చయించినది.

మా భూమికి విలువ రావలదా అని రైతు అడుగుట న్యాయమే. కాని చెరువు ఎగువన నేలంతయు సిమెంటైనచో, వాననీరు ఇంకక ఒక్కుమ్మడిగా దిగువకు పరుగిడును. 1908 నేర్పిన పాఠమదియే. నగరము సురక్షితముగా నుండవలెనన్నచో ఆ భారమును ఎగువ పల్లెలే మోయుట ధర్మమా? నీరు త్రాగినవారు నీటి ఋణమును కూడ తీర్చవలెను గదా!