మంచు కొండల మీద నిజం, ఇంట్లో నమ్మకం

జలుబు చేయగానే నాలుక మీద పుల్లటి నారింజ రంగు విటమిన్ సి బిళ్ల వేసుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఈ అలవాటు ప్రపంచమంతా పాకడానికి ప్రధాన కారకుడు అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్.

పాలింగ్ మాటకు బరువు ఎక్కువ. 1954లో రసాయన శాస్త్రంలో నోబెల్, ఆ తర్వాత 1962 సంవత్సరపు శాంతి నోబెల్ అందుకున్నారు. రెండు నోబెళ్లను ఎవరితోనూ పంచుకోకుండా పొందిన వ్యక్తి ఇప్పటికీ ఆయనొక్కరే. 1966లో ఇర్విన్ స్టోన్ అనే రసాయన శాస్త్రవేత్త, రోజూ 3 గ్రాముల విటమిన్ సి తీసుకోమని ఆయనకు ఉత్తరం రాశారు. పాలింగ్ దంపతులు మొదలుపెట్టారు. జలుబులు తగ్గినట్టు వాళ్లకు అనిపించింది. 1970లో ‘విటమిన్ సి అండ్ ది కామన్ కోల్డ్’ పుస్తకం వచ్చింది. అమెరికాలో విటమిన్ సి అమ్మకాలు అమాంతం పెరిగాయి.

పాలింగ్ బాగా నమ్ముకున్న ఆధారాల్లో ఒకటి 1961 నాటి స్విస్ పరిశోధన. ఆల్ప్స్ కొండల్లో స్కీయింగ్ శిబిరానికి వచ్చిన 279 మందిలో రోజుకు ఒక గ్రాము విటమిన్ సి తీసుకున్నవారికి జలుబులు తక్కువగా వచ్చాయి. పరిశోధన మంచిదే. కానీ గడ్డకట్టే చలిలో ఒళ్లు హూనమయ్యేలా శ్రమించేవారిలో కనిపించిన ఫలితాన్ని ఆయన అందరికీ వర్తింపజేశారు. అంతకు చాలా ముందే, 1942లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద జరిగిన పరీక్షలో చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు.

1975లో వెలువడిన మరో పరీక్ష నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఉద్యోగులు 311 మంది అందులో చేరారు. కొందరికి విటమిన్ సి, కొందరికి పాలచక్కెర నింపిన గొట్టం మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తెలియకూడదు. చాలామంది ఆగలేక గొట్టం విప్పి రుచి చూశారు, పుల్లదనం గుట్టు విప్పేసింది! తమకేం ఇచ్చారో కనిపెట్టినవాళ్లను పక్కన పెట్టి లెక్క చూస్తే, జలుబు త్వరగా తగ్గిందన్న తేడా మాయమైంది. నమ్మకం ఒంటి మీద ఎంతగా పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చూపిన పరీక్షలు అరుదు.

అలాగని రోగనిరోధక వ్యవస్థలో ఈ విటమిన్‌కు పాత్ర లేదనలేం. క్రిములను మింగే తెల్ల రక్తకణాలు రక్తంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు విటమిన్ సిని తమలో దాచుకుంటాయి. అయితే రోజుకు దాదాపు 100 మిల్లీగ్రాములు అందితే చాలు, అవి నిండిపోతాయి. గ్రాములకొద్దీ మింగితే పేగులు కొంతే పీల్చుకుంటాయి, ఒంట్లోకి చేరిన అదనమంతా మూత్రంలో పోతుంది.

2013లో పరిశోధకులు హారి హెమిలా, ఎలిజబెత్ చాకర్ 29 పరీక్షలను, 11 వేలకు పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. రోజూ వేసుకున్నా మామూలు జనంలో జలుబు రావడం ఆగలేదు. వచ్చిన జలుబు పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం ముందుగా తగ్గింది. జలుబు చేశాక మొదలుపెడితే నిలకడైన ఫలితం లేదు. మారథాన్ పరుగువీరులు, స్కీయింగ్ చేసేవారు, మంచుసీమ సైనికుల్లో మాత్రం జలుబులు సగానికి తగ్గాయి. స్విస్ శిబిరం చెప్పింది, ఆ శిబిరం లాంటి చోట్ల నిజమేనన్నమాట.

పాలింగ్ 1994లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చివరిదాకా ఆయన తన నమ్మకాన్ని వదల్లేదు. మన భారత వైద్య పరిశోధన మండలి మాత్రం వయోజన మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలంటోంది. ఒక మోస్తరు జామకాయలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా గ్రాముల మోతాదు జోలికి వెళ్లకండి.