శ్రీశైలపు కాలిబాట

ఒక దినములో నడచి రాదగిన అడవిదారికి సిద్ధపడువారు మొదట అడుగు ప్రశ్న "ఎన్ని మైళ్లు?" అనునది. కృష్ణాతీరమందలి నల్లమలలో శ్రీశైలమునకు నడచిన మన పూర్వులు మొదట "నీరెచ్చట?" అని అడిగిరి. ఆ బాట చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు ఆయా కాలములవారు చెప్పిన సమాధానమే యని నా యభిప్రాయము. దానిని నేడు శ్రోతలకు మనవి చేసెదను.

నదిచెంతనున్న దారిలో నీటికి కొఱత యేమని మీరు అడుగవచ్చును. అచ్చటి నేలతీరు తెలిసినచో ఆ సందేహము తీరును. శ్రీశైలప్రాంతమున కృష్ణ మైదానమునందువలె పొలముల నొరసికొని పాఱదు. కొండలను కోసికొని మిక్కిలి లోతున పాఱును. ఆలయము మీద, నది క్రింద. కనుకనే అచ్చటి కృష్ణకు పాతాళగంగ యని పేరు వచ్చినది. పైన నడచువానికి నది కంటికి కనబడునేమో గాని దోసిటికి అందదు.

పడమటినుండి వచ్చు ప్రాచీనమార్గము ఆత్మకూరు వైపున అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా ఆలయమును చేరును. ఈ పేళ్లను గమనింపుడు. ఒకచోట చెఱువు, ఒకచోట కొలను. నీరున్నచోటనే మజిలీ యేర్పడినది గాని మజిలీ యున్నదని నీరు రాలేదు. ఏ పూటకు ఎచ్చటికి చేరవలెనో కొండలే నిర్ణయించినవి. కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణ మను భాగమునే ఈ క్షేత్రమునకు కేటాయించెను. నాటికే ఈ యాత్ర జనసామాన్యమున ఎంత వ్యాపించియుండెనో దీనివలన తెలియుచున్నది.

తరువాతి కాలమున ప్రభువులు ఈ దారిని రాతితో సుగమము చేసిరి. కొండవీటి రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. 1377లో అనవేమారెడ్డి ఆలయమున వీరశిరోమండపమును నిర్మించెను. విజయనగర ప్రభువగు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించెను. ఈ మెట్లు సైన్యములకొఱకు కావు. కడవ నెత్తిన పెట్టుకొన్న స్త్రీ కొఱకును, కఱ్ఱ పట్టుకొన్న ముసలివాని కొఱకును కట్టినవి. నదిని పైకి తేలేకపోయిరి గనుక మనుష్యుని క్రిందికి దింపు ఉపాయము చేసిరి.

అయినను రాజులు కట్టినది దారిలో కొంతమాత్రమే. మిగిలిన దారి చెంచుల జ్ఞానమునందుండెను. ఏ మలుపున ఊట గలదు, ఏ వాగు ఎప్పుడు ఎండును, ఏ లోయలో మృగములు నీటికి దిగును అను సంగతులు వారికే తెలియును. వారు యాత్రికులకు దారిచూపి, కాపుండి, అందులకు వారియొద్ద కొంత సుంకము పుచ్చుకొనువారు. దీనిని దోపిడియని తలచినవారు లేకపోలేదు. నాకు మాత్రము అది న్యాయమైన కూలిగానే తోచుచున్నది. 1794లో శ్రీశైలమును దర్శించిన కాలిన్ మెకంజీ తన యాత్రావృత్తాంతమును ఏషియాటిక్ రిసెర్చెస్ అను గ్రంథమాలలో ప్రకటించెను.

పిమ్మట మోటారుబాటలు వచ్చినవి. నడచు యాత్రికులు తగ్గిరి. దారిచూపు చెంచువానితో పనియు తగ్గెను. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలపు ఆనకట్ట పూర్తియైన పిదప నీరు పైకి వచ్చి, పాతాళగంగ మెట్లలో క్రిందిభాగమును ముంచివేసినది. ఆరు వందల యేండ్లుగా మనుష్యుడు నదియొద్దకు దిగగా, ఇప్పుడు నదియే కొంత పైకెక్కినది. అయినను పాతబాట చావలేదు. శివరాత్రికి తెలుగువారును, ఉగాదికి కన్నడదేశపు భక్తులును నేటికిని ఆ దారిని నడచి వచ్చుచున్నారు.

ఒకదినపు నడకకు పోదలచువారికి ఈ చరిత్రనుండియే కొన్ని సూచనలు చెప్పవచ్చును. ఈ యడవి 1983నుండి పులుల సంరక్షణ పథకములో చేరియున్నది. కావున అటవీశాఖవారి యనుమతి ముందుగా పొందవలెను. ఆలయమువైపునుండి కైలాసద్వారము మీదుగా భీమునికొలనుకు దిగి మరల వచ్చుట ఒక దినమునకు తగిన పని. కాని ఈ నడకలో ముందు దిగుడు, పిదప ఎక్కుడు. దిగునప్పుడు కలిగిన ఉత్సాహమును నమ్మరాదు. బలములోను నీటిలోను సగముకంటె ఎక్కువ తిరుగుప్రయాణమునకు మిగుల్చుకొనవలెను. ఫాల్గుణ చైత్రములలో వాగులను నమ్ముకొనక, నీరు వెంట తీసికొనిపోవలెను. తెల్లవారగనే బయలుదేరి ప్రొద్దుండగనే కొండపైకి చేరవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ ప్రాంతపు చెంచువాని నొకని తగిన కూలియిచ్చి వెంట తీసికొనవలెను.

ఈ కడపటి మాట కేవలము క్షేమముకొఱకు చెప్పినది కాదు. అరిగిన మెట్టును మరల పేర్పవచ్చును. పూడిన కొలనును త్రవ్వింపవచ్చును. ఏ ఊట యే నెలలో ఎండునో యెఱిగిన జ్ఞానము ఏ శాసనమునందును చెక్కబడలేదు. అది తండ్రి వెంట నడచిన కొడుకునకు మాత్రమే వచ్చినది. వానిని అడుగువారు లేనినాడు అది వానితోనే పోవును. అప్పుడు రెడ్డిరాజుల సోపానములు నిలిచియున్నను, బాటలో సగము మనకు పోయినట్లే.