మగవారిలో క్లమీడియా: రకాలు, వెంట వచ్చే జబ్బులు

మన పూర్వభాగం వాడల్లో షుగరు, బీపీ, టీబీ గురించి నలుగురిలో మాట్లాడుకుంటాం. సుఖవ్యాధుల మాట వస్తే మాత్రం నోరు మూతపడుతుంది. మూత్రంలో మంట పుడితే 'వేడి చేసింది' అనుకొని సబ్జా నీళ్లు తాగుతారు. తగ్గకపోతే మెడికల్ దుకాణంలో రెండు గోలీలు అడిగి మింగి కార్ఖానాకు వెళ్లిపోతారు. జబ్బు సగమే తగ్గి, తక్కినది ఇంట్లో ఇల్లాలికి అంటుకుంటుంది. అందుకే ఈ వివరాలు.

క్లమీడియా అంటే

ఇది 'క్లమీడియా ట్రకోమాటిస్' అనే బాక్టీరియా వల్ల వస్తుంది. 2020లో ప్రపంచంలో 15–49 ఏళ్లవారికి సుమారు 12.9 కోట్ల కొత్త కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

రకాలు

- ఎ, బి, సి: కంటికి పట్టే ట్రకోమా. ఇది సుఖవ్యాధి కాదు. ప్రజారోగ్య సమస్యగా మన దేశంలో ఇది తొలగిందని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.
- డి నుంచి కె వరకు: మూత్రనాళానికి పట్టేవి. మంట, పల్చని స్రావం, ఒక్కోసారి వృషణంలో నొప్పి, వాపు. చాలామంది మగవారికి ఏ లక్షణమూ కనిపించదు.
- ఎల్1, ఎల్2, ఎల్3: మొదట చిన్న పుండు, తర్వాత గజ్జల్లో బిళ్లలు. మలద్వారానికి సోకితే నొప్పి, రక్తం. 2003లో నెదర్లాండ్స్‌లో పురుషులతో సంబంధమున్న పురుషుల్లో ఇది బయటపడింది. వారిలో చాలామందికి హెచ్‌ఐవీ కూడా ఉంది.

రకాన్ని బట్టి చికిత్స మారుతుంది. డాక్సీసైక్లిన్ మందును డి–కె రకాలకు 7 రోజులు, ఎల్ రకాలకు 21 రోజులు ఇస్తారు.

వెంట వచ్చేవి

క్లమీడియాతో తరచు కలిసి వచ్చేది సెగ, అంటే గనేరియా. రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి. ఒకదాని మందు రెండోదాన్ని పూర్తిగా పోగొట్టకపోవచ్చు. అందుకే ప్రభుత్వ క్లినిక్‌లలో స్రావంతో వచ్చినవారికి రెండింటికీ కలిపి మందు ఇస్తారు. సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవాలి. సుఖవ్యాధి ఉన్నవారికి హెచ్‌ఐవీ సులువుగా సోకుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

సివిల్ ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగానికి వెళ్లండి. ప్రభుత్వ 'సురక్ష క్లినిక్'లలో సలహా, మందులు ఉచితం. 1097 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు పడదు. హెచ్‌ఐవీ ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది.

మరవకూడనివి

భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి. వైద్యుడు చెప్పేవరకు, కనీసం 7 రోజులు, కలవకూడదు. ఒకసారి వచ్చిపోయిన జబ్బు మళ్లీ రావచ్చు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష మంచిది. కండోమ్ వాడితే ముప్పు బాగా తగ్గుతుంది.

చికిత్స లేకుంటే ఆడవారిలో గర్భనాళాలు దెబ్బతిని సంతానం కలగకపోవచ్చు. పిల్లలు లేరని కోడలిని దవాఖానాల చుట్టూ తిప్పే ఇళ్లలో కొడుకుకు కూడా పరీక్ష చేయించడం న్యాయం.