"మరీ సింపుల్" అన్న ఐడియాయే మీ ఫోటోలను మోస్తోంది

విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర సూర్యాస్తమయం తీస్తున్నారనుకోండి. 24 మెగాపిక్సెల్ కెమెరా, రా మోడ్. ఫైల్ సుమారు 25, 30 ఎంబీ వస్తుంది. దాన్ని 16 బిట్ టిఫ్‌గా మారిస్తే? ఒక్కో పిక్సెల్‌కి 6 బైట్లు, అంటే మొత్తం 144 ఎంబీ! అదే జేపెగ్ చేస్తే 10 ఎంబీ లోపే రావచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మరి ఆ మిగతా బరువంతా ఎటు పోయింది?

దీని వెనక ఒక కథ ఉంది. 1972లో నాసిర్ అహ్మద్ అనే ప్రొఫెసర్‌కి ఒక ఆలోచన వచ్చింది. పుట్టింది బెంగళూరులో, పనిచేసేది అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో. రీసెర్చ్‌కి డబ్బులివ్వమని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగితే కుదరదన్నారు. ఐడియా మరీ సింపుల్‌గా ఉందని ఒక రివ్యూయర్ అభిప్రాయం! అయినా ఆయన వదల్లేదు. తన స్టూడెంట్ టి. నటరాజన్‌తో, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో పాఠాలు చెప్పే కామిశెట్టి రామమోహన రావు గారితో కలిసి 1974 జనవరిలో పేపర్ ప్రచురించారు. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, ముద్దుగా డీసీటీ. 1992లో వచ్చిన జేపెగ్ స్టాండర్డ్‌కి ఇదే గుండెకాయ.

ఇది ఎలా పనిచేస్తుంది? ఫోటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో 64 విలువలు. వాటిని డీసీటీ వేరే 64 అంకెలుగా మారుస్తుంది: మెల్లగా మారే వెలుగు ముందు, సన్నటి గీతల్లాంటి వివరాలు చివర్లో. మన కన్ను ఆ చివరివాటిని పెద్దగా పట్టించుకోదు. అందుకే వాటిలో చాలావాటిని సున్నా చేసేస్తారు. క్వాలిటీ స్లైడర్ తగ్గించారంటే సున్నాలు పెంచారన్నమాట.

ఇక్కడే జాగ్రత్త పడాలి. రా ఫైల్‌లో 14 బిట్లుంటే ఒక్కో రంగుకి 16,384 మెట్లు. మామూలు జేపెగ్‌లో 256 మాత్రమే. తర్వాతెప్పుడో నీడలో ఉన్న అమ్మమ్మ ముఖాన్ని వెలుగులోకి తేవాలంటే ఆ మెట్లు కావాలి. జేపెగ్‌ని మళ్లీ మళ్లీ ఎడిట్ చేసి సేవ్ చేస్తుంటే ఉన్నవి కూడా అరిగిపోతాయి.

కాబట్టి పెళ్లి ఫోటోలు తీయించుకుంటే రా ఫైళ్లు కూడా ఇవ్వమని ముందే మాట్లాడుకోండి. ఎడిటింగ్ రా మీద చేయండి, చివర్లో ఒక్కసారే జేపెగ్ చేయండి. బ్యారేజీ గేట్లెత్తి వదిలిన నీళ్లు హంసలదీవి దగ్గర సముద్రంలో కలిశాక వెనక్కి రావు కదా, ఇదీ అంతే. ఉంటాను మరి!