సంత కట్టినవారు, సుంకం వేసినవారు

ఇంటర్నెట్ వేలాల చరిత్రను ఎక్కువగా కంపెనీల చరిత్రగానే రాస్తుంటారు. ఎవరు స్థాపించారు, షేరు ఎంత పలికింది, ఎవరు ఎవరిని కొన్నారు అన్న లెక్కల చుట్టూనే ఆ కథ తిరుగుతుంది. ఆ వేదికల మీద సరుకు పెట్టి పొట్ట పోసుకున్నవారి వైపు నుంచి చూస్తే అదే చరిత్ర రుసుముల చరిత్రగా కనిపిస్తుంది. రుసుము పెద్దయెత్తున పెరిగినప్పుడల్లా అమ్మకందారులు ఎదురు తిరిగారు. ఎక్కువసార్లు ఓడిపోయారు. కొన్ని చోట్ల మాత్రం గెలిచారు. ఓడిన చోట్లనూ గెలిచిన చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు తేటపడతాయి. మొదటిది, వాళ్ల కోపానికి మూలం రుసుము ఉండటం కాదు, దాన్ని నిర్ణయించే చోట తమ మాటకు విలువ లేకపోవడం. రెండోది, ఆ మాట చెల్లాలంటే ఎంత గట్టిగా అరిచారన్నది పెద్దగా అక్కరకు రాలేదు. పక్కన మరో సంత ఉందా, లేక వెనక ఓ చట్టం ఉందా అన్నదే తేల్చింది.

మొదటి సంగతికి రుజువు ఈబే పుట్టుకలోనే ఉంది. 1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ కాలిఫోర్నియాలో ఆక్షన్‌వెబ్ పేరుతో ఒక వేలం పేజీ పెట్టాడు. మొదట అంతా ఉచితం. అక్కడ అమ్ముడైన తొలి వస్తువుగా చెప్పుకునేది పాడైపోయిన ఒక లేజర్ పాయింటర్, అది 14.83 డాలర్లు పలికింది. రద్దీ పెరిగేసరికి అతనికి ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ నెలకు 250 డాలర్లు కట్టమంది. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి 1996 తొలి నెలల్లో అతను రుసుము పెట్టాడు. పాతిక డాలర్ల లోపు అమ్మకానికి 5 శాతం, ఆపైన రెండున్నర శాతం. వసూలు చేసే యంత్రాంగమేమీ లేదు. ఎవరికి వారే లెక్క చూసుకుని పంపాలి. అయినా కవర్లలో చెక్కులు వచ్చాయి, నోట్లు వచ్చాయి, అట్టముక్కలకు అంటించిన చిల్లర నాణేలు కూడా వచ్చాయి. అడిగేవాడు లేకపోయినా కట్టిన ఈ మనుషులను ఉచితానికి అలవాటుపడినవారు అనలేం. రుసుము న్యాయమని తోచినంతకాలం అమ్మకందారు దాన్ని మనస్ఫూర్తిగానే కట్టాడు.

ఆ సంతను నింపింది కూడా వాళ్లే. 1996లో ఒమిడ్యార్ మొదలుపెట్టిన పరస్పర అభిప్రాయాల పద్ధతి ఈ వ్యాపారానికి వెన్నెముక అయింది. ముఖం చూడని మనిషికి డబ్బు పంపాలంటే అతని మీద పదిమంది చెప్పిన మంచిమాటే హామీ. కంపెనీకి సొంత సరుకు లేదు, గోదాము లేదు. వస్తువు వెతికి తేవడం, ఫొటో తీయడం, వివరం రాయడం, పెట్టెలో సర్ది పోస్టులో వేయడం, కొత్తవారి సందేహాలు తీర్చడం అన్నీ అమ్మకందారుల చేతుల మీదుగానే జరిగాయి. 1997లో ఈబే అని పేరు మార్చుకుని, 1998 సెప్టెంబరులో షేరును 18 డాలర్లకు అమ్మకానికి పెడితే మొదటి రోజు ముగిసేసరికి అది 47 డాలర్లు దాటింది. మదుపరులు అంత ధర పెట్టింది కంప్యూటర్లను చూసి కాదు. అక్కడ పోగైన జనాన్ని, వారి మధ్య పేరుకున్న నమ్మకాన్ని చూసి. ఆ నమ్మకం తాము కూడబెట్టిందేనని అమ్మకందారులు అనుకోవడంలో తప్పేమీ లేదు.

షేర్‌మార్కెట్‌లోకి వచ్చిన కంపెనీ ఏటా పెరిగే లాభాన్ని చూపించాలి. రుసుముల స్వభావం అక్కడే మారింది. అమ్ముడైతేనే కట్టే వాటాకు తోడు, అమ్ముడైనా కాకపోయినా కట్టాల్సిన లిస్టింగ్ రుసుము ఉంది. 2001 జనవరిలో దాని కనీస మొత్తం 25 సెంట్ల నుంచి 30 సెంట్లయింది. 2002లో ఈబే దాదాపు 150 కోట్ల డాలర్లకు పేపాల్‌ను కొనడంతో డబ్బు చెల్లింపు మీద వచ్చే రుసుము కూడా అదే ఇంటికి చేరింది. పెద్ద కుదుపు 2005లో వచ్చింది. ఈబేలో సొంత దుకాణం నడిపేవారి నెల అద్దె 9.95 డాలర్ల నుంచి 15.95కు, దుకాణంలో అమ్మిన చిన్న సరుకు మీద వాటా 5.25 శాతం నుంచి 8 శాతానికి పెరిగాయి. వేలల్లో నిరసన లేఖలు వెళ్లాయి. కొందరు దుకాణాలు మూసేశారు. ఉత్తర అమెరికా విభాగం అధిపతి బిల్ కాబ్ అమ్మకందారులకు ఉత్తరం రాసి, ఒక నెల అద్దెను తిరిగి జమచేస్తామన్నాడు. కనీస లిస్టింగ్ రుసుమును మళ్లీ 25 సెంట్లకు దించాడు. పెంచిన అద్దె, పెంచిన వాటా మాత్రం అలాగే నిలిచాయి.

2008 జనవరి చివర్లో వచ్చిన మార్పును అమ్మకందారులు ఇంకా తీవ్రంగా తీసుకున్నారు. లిస్టింగ్ రుసుములను 25 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తున్నామని కంపెనీ ప్రకటించింది. అదే నోటితో, అమ్ముడైన ధరలో మొదటి 25 డాలర్ల మీద తన వాటాను 5.25 శాతం నుంచి 8.75 శాతానికి పెంచింది. ఇరవై డాలర్ల వస్తువు అమ్మితే ఇంతకుముందు డాలరూ 5 సెంట్లు కట్టేవారు ఇప్పుడు డాలరూ 75 సెంట్లు కట్టాలి. పెట్టిన సరుకు చాలావరకు అమ్ముకోగలిగిన చిన్న వ్యాపారికే ఈ పెంపు ఎక్కువ తగిలింది. దాంతోపాటే అమ్మకందారు ఇకమీదట కొనుగోలుదారు మీద చెడు అభిప్రాయం రాయకూడదన్న నియమం కూడా వచ్చింది. ఫిబ్రవరి 18 నుంచి వారం రోజులు సరుకు పెట్టకుండా బహిష్కరణ చేశారు. ఆ వారంలో సరుకు తగ్గిందని నిరసనకారులు, తమ మీద ప్రభావమేమీ లేదని కంపెనీ వాదించుకున్నారు. ఫలితం మీద మాత్రం వాదం అక్కర్లేదు. రుసుమూ మారలేదు, నియమమూ మారలేదు. 2022 ఏప్రిల్‌లో చేతివృత్తుల సరుకు అమ్మే ఎట్సీలోనూ ఇదే జరిగింది. వాటా 5 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగితే వేలమంది వారంపాటు దుకాణాలకు సెలవు ప్రకటించారు. పెంపు నిలిచే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది. నచ్చకపోతే మరో చోటికి పోవచ్చు కదా, ఎవరైనా కాళ్లకు సంకెళ్లు వేశారా అని. పోవడం ఎంత కష్టమో యాహూ కథ చెబుతుంది. 1998లో యాహూ తన వేలం పేజీని ఉచితంగా తెరిచింది. రుసుము లేకపోయినా అమెరికాలో ఈబేను అది కదిలించలేకపోయింది, ఎందుకంటే కొనేవారు ఈబేలో ఉన్నారు. 2001 జనవరిలో అది కూడా లిస్టింగ్ రుసుము పెట్టగానే ఉన్న సరుకులో చాలా భాగం వెళ్లిపోయింది. 2005లో మళ్లీ ఉచితం చేసినా జనం తిరిగి రాలేదు. 2007లో అక్కడ మూతపడింది. కొనేవారు అమ్మేవారున్న చోటికి వస్తారు, అమ్మేవారు కొనేవారున్న చోటికి వస్తారు. ఒకసారి ముడిపడ్డాక ఒక్కొక్కరుగా విడిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఏళ్ల తరబడి సంపాదించుకున్న మంచిపేరు ఆ వేదిక దగ్గరే ఉండిపోతుంది; వేరే చోట సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఊరు మారినా పేరు వెంట వచ్చే పాతకాలపు వ్యాపారికి ఈ బాధ లేదు. పేరును వదులుకుంటే తప్ప వెళ్లలేనివాణ్ణి, ఇష్టమైతే వెళ్లవచ్చు అనడం న్యాయమైన మాట కాదు.

జపాన్‌లో కథ తిరగబడింది. అక్కడ యాహూ జపాన్ 1999లో ముందుగా, ఉచితంగా తెరిచింది. తర్వాత రుసుముతో వచ్చిన ఈబే నిలదొక్కుకోలేక 2002లో వెళ్లిపోయింది. ఆ ఏడాదే యాహూ జపాన్ సరుకు పెట్టడానికి 10 యెన్లు, అమ్మకం మీద 3 శాతం రుసుము వేసింది. పోటీ ఉన్నన్నాళ్లే ఉచితమన్న సంగతి ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

చైనాలో అమ్మకందారులు గెలిచిన రెండు సందర్భాలూ దీన్నే బలపరుస్తాయి. 2003లో అలీబాబా సంస్థ తావోబావోను ఉచితంగా తెరిచి, అక్కడి ఈబేను నిలువునా దెబ్బతీసింది. 2006 మేలో, డబ్బు కట్టినవారి సరుకును ముందు చూపించే పథకం తెచ్చింది. అమ్మకందారులు తిరగబడ్డారు. టెన్సెంట్ వారి పాయిపాయి అప్పటికే బరిలోకి దిగి ఉంది, వెళ్లడానికి చోటుంది. కంపెనీ వాడకందారుల ఓటుకు పెట్టి, ఎక్కువమంది వద్దనడంతో ఆ పథకాన్ని జూన్‌లో వెనక్కి తీసుకుంది. 2011 అక్టోబరు నాటికి పరిస్థితి మారింది. బ్రాండ్ల కోసం నడిపే తావోబావో మాల్ వార్షిక రుసుమును 6,000 యువాన్ల నుంచి 30,000కో 60,000కో పెంచింది. డిపాజిట్‌ను 10,000 నుంచి లక్షన్నర యువాన్ల దాకా తీసుకెళ్లింది. వేలాది చిన్న వ్యాపారులు గుమిగూడి పెద్ద దుకాణాల మీద దొంగ ఆర్డర్లు, చెడు రేటింగులు గుప్పించారు. తోటి వ్యాపారుల నోటి దగ్గర కూడు లాగడం ఏ కోపానికీ సమర్థన కాదు, దాన్ని సమర్థించకూడదు. కానీ కంపెనీని వంచింది ఆ దాడి ఒక్కటే కాదు. వాణిజ్య శాఖ కలగజేసుకుని చిన్న వ్యాపారుల మొర వినమంది. రెండు రోజుల్లో అలీబాబా వ్యవస్థాపకుడు జాక్ మా ముందుకొచ్చి, పాత వ్యాపారులకు కొత్త రుసుమును దాదాపు ఏడాది వాయిదా వేశాడు. 180 కోట్ల యువాన్ల సాయం ప్రకటించాడు. ఒకసారి పోటీ, ఒకసారి ప్రభుత్వం. ఆ రెండింటిలో ఏదీ లేని 2008 అమెరికాలో బహిష్కరణ గాలికి పోయింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. వేదిక నడపడానికి ఖర్చవుతుంది, మోసాలు అరికట్టాలి, ప్రకటనలివ్వాలి. రుసుము లేకపోతే ఎవరూ కొనని చెత్త సరుకంతా వచ్చి పేరుకుంటుంది. ఇది నిజమే, ఒప్పుకోవాలి. ఉచితమన్న చోటా ఖర్చు మరో రూపంలో వస్తుందనీ ఒప్పుకోవాలి. తావోబావోలో అమ్మకానికి రుసుము లేని రోజుల్లోనూ, నలుగురి కంట పడాలంటే ప్రకటన కొనక తప్పలేదు. ఈ వాదమంతా ఒప్పుకున్నా అది రుసుము ఉండాలన్నంత వరకే సరిపోతుంది. అది ఎంత ఉండాలి, ఎప్పుడు మారాలి, మార్చేముందు ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలకు అది జవాబు కాదు. ఆ నిర్ణయాన్ని ఒక్క పక్షానికే వదిలేస్తే ఏం జరుగుతుందో ఇంటర్నెట్ రాకముందే పెద్ద వేలం సంస్థలు చూపించాయి. 1975లో లండన్‌లో క్రిస్టీస్, సదబీస్ రెండూ కొనేవారి నుంచి కూడా 10 శాతం వసూలు మొదలుపెట్టాయి. కళావస్తువుల వ్యాపారులు గట్టిగా వ్యతిరేకించినా ఆ రుసుము స్థిరపడిపోయింది. తర్వాత అమ్మేవారి కమీషన్‌ను రెండూ కుమ్మక్కై ఖరారు చేసుకున్న సంగతి 2000లో బయటపడింది. ఖాతాదారుల దావాలో 51.2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, సదబీస్ మాజీ ఛైర్మన్ ఆల్‌ఫ్రెడ్ టాబ్‌మన్ జైలుకు వెళ్లాడు. ఆ కుమ్మక్కును ఆపింది వ్యాపారుల నిరసన కాదు, కోర్టు.

ఈమధ్య బ్రిటన్‌లో జరిగింది కూడా ఈ వరసలోదే. కొనేవారి దగ్గరే రుసుము తీసుకునే వింటెడ్ వంటి వేదికలు పుంజుకున్నాక, 2024 అక్టోబరులో ఈబే అక్కడి సాధారణ అమ్మకందారులకు అమ్మకపు రుసుము ఎత్తేసింది. ఇరవై ఏళ్ల లేఖలు, బహిష్కరణలు తేలేని ఉపశమనం పోటీ తెచ్చింది. కొద్ది నెలలకే, 2025 ఫిబ్రవరిలో, కొనేవారి రక్షణ పేరుతో కొత్త రుసుము వచ్చింది. భారం చేతులు మారిందే కాని పోలేదు. పోటీ ఒక్కదాన్నే నమ్ముకుంటే దొరికే ఊరట ఇంతవరకే.

తెలుగువారికి ఈ గొడవ కొత్తది కాదు. వేలంలో పంట అమ్ముకునే రైతు ఈ ప్రశ్నను ఇంటర్నెట్ కంటే చాలా ముందే ఎదుర్కొన్నాడు. వ్యవసాయంపై వేసిన రాయల్ కమిషన్ 1928లో ఇచ్చిన తన నివేదికలో మార్కెట్ల అక్రమాలను ఏకరువు పెట్టింది. గుడ్డ చాటున వేళ్లు పట్టుకుని బేరమాడటం, తప్పుడు తూకాలు, తరుగు పేరుతో, ధర్మం పేరుతో రైతు సొమ్ములో కోతలు, అన్నీ అందులో ఉన్నాయి. చట్టంతో నడిచే మార్కెట్లు కావాలని అది సిఫారసు చేసింది. 1933లో మద్రాసు ప్రభుత్వం వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం తెచ్చింది; 1966లో ఆంధ్రప్రదేశ్ తన సొంత మార్కెట్ల చట్టం చేసుకుంది. మార్కెట్ రుసుముకు చట్టమే పైహద్దు పెట్టింది, పాలకమండలిలో రైతులకు చోటిచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన యార్డుల్లో మోసం ఆగలేదని ఎవరైనా అంటే అది నిజమే. కానీ అన్యాయం జరిగితే పట్టుకుని అడగడానికి రైతు చేతిలో ఒక నిబంధన ఉంది, అడిగే చోటు ఉంది. 2008లో బహిష్కరించిన అమ్మకందారుకు ఆ రెండూ లేవు.

ఐరోపా సమాఖ్య ఈ దిశగా ఒక అడుగు వేసింది. 2020 జులై నుంచి అమలైన నియమం ప్రకారం వేదికలు షరతులు మార్చేముందు వ్యాపారులకు కనీసం 15 రోజుల గడువివ్వాలి, సరుకును ఏ వరసలో ఎందుకు చూపిస్తున్నారో చెప్పాలి. మన దేశంలో 2004లో బాజీ.కామ్‌ను కొని వచ్చిన ఈబే పేజీ 2018లో మూతపడింది; కానీ ఇవాళ మన చేనేత చీరలు, పచ్చళ్లు, బొమ్మలు అమ్మేవారు అంతకంటే పెద్ద వేదికల మీద ఆధారపడి ఉన్నారు. వారికి కావాల్సింది ఉచితం కాదు. రుసుము మార్పుకు తగిన ముందస్తు గడువు, ఆ నిర్ణయంలో అమ్మకందారుల ప్రతినిధులకు చోటు, ఒక వేదిక మీద సంపాదించిన పేరును మరో వేదికకు తీసుకెళ్లే హక్కు. ఈ మూడింటినీ చట్టంలో రాయించుకోవాలి. మార్కెట్ యార్డులో మిర్చి రైతుకు న్యాయమని ఒప్పుకున్న సూత్రాన్ని ఫోను తెర మీద సరుకు పెట్టేవారికి నిరాకరించడానికి మన ప్రభుత్వాల దగ్గర సరైన కారణమేదీ లేదు.