అమెరికన్ అంటే ఎవరు? చట్టం ఏం చెబుతోంది, చరిత్ర ఏం చెబుతోంది

టోలీచౌకి, మెహదీపట్నం వైపు ఏ పెళ్లికి వెళ్లినా ఒక మాట చెవిన పడుతుంది: "మావాడికి సిటిజన్‌షిప్ వచ్చేసింది." అంటే చేతికి అమెరికా పాస్‌పోర్టు వచ్చిందని. అంతమాత్రాన మనిషి అమెరికన్ అయిపోయినట్టేనా? చట్టం ప్రకారం అయితే అయినట్టే. రంగు, మతం, పుట్టిన దేశం ఇవాళ అడ్డు కావు. కానీ అక్కడిదాకా రావడానికి ఆ దేశానికి 160 ఏళ్లకు పైగా పట్టింది.

1790లో చేసిన మొదటి పౌరసత్వ చట్టం "స్వేచ్ఛగల తెల్ల మనిషి"కి మాత్రమే తలుపు తెరిచింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు నల్లజాతివారు అసలు పౌరులే కారని తేల్చింది. అంతర్యుద్ధం తర్వాత 1868లో వచ్చిన 14వ రాజ్యాంగ సవరణ ఆ తీర్పును తుడిచేసింది. అమెరికా గడ్డపై పుట్టి, ఆ దేశ చట్ట పరిధిలో ఉన్న ప్రతి ఒక్కరూ పౌరులేనంది. 1898లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో ఇది మరింత గట్టిపడింది. ఆయన తల్లిదండ్రులు చైనీయులు, చట్టం వాళ్లకు పౌరసత్వం ఇవ్వదు. అయినా కొడుకు పుట్టుకతోనే అమెరికన్ అని కోర్టు చెప్పింది. విచిత్రం ఏమిటంటే, ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసులందరికీ పౌరసత్వం వచ్చింది మాత్రం 1924లోనే.

మనవాళ్ల కథ దగ్గర కాస్త ఆగాలి. పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. తాను కాకేసియన్ జాతివాణ్ని కాబట్టి తెల్లవాళ్ల కిందికే వస్తానని వాదించారు. వాదన గాలిలోంచి పుట్టింది కాదు. అంతకు కొన్ని నెలల ముందే, జపాన్‌కు చెందిన ఒజావా కేసులో, తెల్లవాడంటే కాకేసియన్ అని అదే సుప్రీంకోర్టు చెప్పి ఉంది. తీరా 1923లో థిండ్ వంతు వచ్చేసరికి శాస్త్రం పక్కకు పోయింది. సామాన్యుడి కంటికి తెల్లగా కనిపించాలి, అంతే అన్నారు. రెండు తీర్పులూ రాసిన జడ్జి ఒక్కరే, జార్జ్ సదర్లాండ్. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లో!

ఆ తీర్పుతో అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దాన్ని లాక్కున్నారు. పెషావర్ నుంచి వెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకుంటున్న వైష్ణో దాస్ బాగై అలా ఏ దేశానికీ చెందనివాడైపోయి, 1928లో ప్రాణం తీసుకున్నారు.

ముస్లింలకు రంగుతో పాటు మతం కూడా అడ్డొచ్చింది. 1942లో యెమెన్‌కు చెందిన అహ్మద్ హసన్ దరఖాస్తును మిషిగన్‌లో ఒక ఫెడరల్ జడ్జి కొట్టేశారు. ఒంటి రంగు ఒక కారణం. యెమెనీలు ముస్లింలు కాబట్టి క్రైస్తవ సమాజంలో కలవలేరన్నది ఇంకో కారణం. రెండేళ్లకే మసాచుసెట్స్‌లో మరో జడ్జి మరో అరబ్బు ముస్లింకు పౌరసత్వం ఇచ్చారు. చట్టంలో అక్షరం మారలేదు, మారింది జడ్జి మాత్రమే. భారతీయులకు 1946లో తలుపు తెరుచుకుంది, అదీ ఏడాదికి 100 మంది వలస కోటాతో. 1952లో జాతి షరతు పూర్తిగా పోయింది. 1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దు చేశాక మన డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లడం ఊపందుకుంది.

ఇప్పటి పద్ధతి ఇది: మామూలుగా గ్రీన్‌కార్డుతో ఐదేళ్లు ఉండాలి. ఇంగ్లిష్, అమెరికా చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థల మీద పరీక్ష పాసవ్వాలి. చివర్లో రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని, వేరే దేశాల పట్ల విధేయత వదులుకుంటానని ప్రమాణం చేయాలి. దేవుడి పేరు పలకడం ఇష్టం లేకపోతే ఆ మాట వదిలేయొచ్చు. అయితే ఆ ప్రమాణం చేశాక మన రాజ్యాంగం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు తీసుకోవచ్చుగానీ దానితో ఇక్కడ ఓటు రాదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు.

ఇక పుట్టుకతో వచ్చే పౌరసత్వం. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ దీనిపై ఒక ఆదేశం ఇచ్చారు. తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, తల్లి తాత్కాలిక వీసాపై ఉన్నా, అనుమతి లేకుండా ఉన్నా, పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఉండదని దాని సారాంశం. హెచ్-1బి వీసాపై ఉన్న మన కుటుంబాలకు ఇది నేరుగా తగిలే విషయం. కోర్టులు దాన్ని ఆపాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది అందుకే.

2007లో కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్ ప్రమాణ కార్యక్రమంలో ఖురాన్‌పై చేయి పెట్టినప్పుడు కొందరు గొడవ చేశారు. ఆ ప్రతి ఎవరిదంటే, మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌ది. 2025 నవంబర్‌లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ మన హైదరాబాద్‌లోనే పుట్టారు, నాలుగేళ్ల వయసులో అక్కడికి వెళ్లారు. సెనేటర్ కావచ్చు, గవర్నర్ కావచ్చు. అధ్యక్ష పదవి మాత్రం ఆమెకు కుదరదు, ఎందుకంటే రాజ్యాంగం దాన్ని పుట్టుకతో పౌరులైనవారికే కేటాయించింది.