ఆమె పేరు ఎల్లా వాట్సన్



రిపోర్టింగ్‌లోకి వెళ్లాలనుకునే విద్యార్థులు నన్ను అడిగే మొదటి ప్రశ్న: "సార్, ఏ ఫోన్ కొనాలి?" ఫోన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు గార్డన్ పార్క్స్ గురించి తెలుసుకోండి అంటాను.

పార్క్స్ 1912లో అమెరికాలోని కాన్సాస్‌లో పుట్టిన నల్లజాతి బిడ్డ. రైల్లో వెయిటర్‌గా పనిచేస్తున్నప్పుడు ఎవరో ప్రయాణికుడు వదిలేసిన పత్రికలో వలస కూలీల ఫోటోలు చూశాడు. తాకట్టు దుకాణంలో పాత కెమెరా కొని, తనకు తానే నేర్చుకున్నాడు. 1942లో వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ఫోటో విభాగానికి వచ్చాడు. విభాగాధిపతి రాయ్ స్ట్రైకర్ మొదట ఆయన్ని కెమెరా లేకుండా ఊరు చూసి రమ్మన్నాడు. హోటల్లో తిండి పెట్టలేదు, సినిమా హాల్లోకి రానివ్వలేదు. ఆ అవమానం ఎలా ఉంటుందో మనకు ఒకరు వివరించక్కర్లేదు.

రగిలిపోతూ వచ్చిన పార్క్స్‌కు, ఆ భవనంలోనే నేల ఊడ్చే ఆమెతో మాట్లాడి చూడమన్నాడు స్ట్రైకర్. పార్క్స్ ముందు ఆమె బతుకు కథ విన్నాడు. ఆ తర్వాతే కెమెరా తీశాడు.

ఆ ఫోటోలో వెనక అమెరికా జెండా వేలాడుతుంటుంది. దాని ముందు ఆమె నిలబడి ఉంటుంది, ఒక పక్క చీపురు, ఇంకో పక్క నేల తుడిచే కర్ర. జెండా కొంచెం మసక, మనిషి స్పష్టం. వెనక ఏముండాలో ఎంచుకోవడం కూడా వార్త రాయడమే.

కానీ ఆ ప్రసిద్ధ ఫోటోకు ప్రభుత్వ రికార్డులో ఉన్న క్యాప్షన్‌లో ఆమె పేరు లేదు. ప్రభుత్వ ఆఫీసులు ఊడ్చే స్త్రీ అని మాత్రమే ఉంది. పార్క్స్ అక్కడితో ఆగలేదు. ఆమె ఇంటికి, చర్చికి వెళ్లి మనవల మధ్య ఆమెను ఫోటో తీశాడు. ఆ ఫోటోల క్యాప్షన్లలో ఆమె "మిసెస్ ఎల్లా వాట్సన్" అయింది.

ఇక మన పత్రికలు చూడండి. మంత్రి ఒక్క పూట చీపురు పడితే పేరు, హోదా అన్నీ అచ్చవుతాయి. రోజూ పట్టేవాళ్లు మాత్రం "పారిశుధ్య కార్మికులు". తెలుగు పాఠం చెప్పుకునే నాకు అది కర్త లేని వాక్యంలా కనబడుతుంది. పని జరిగిపోతుంది, చేసిన మనిషి మాత్రం ఉండదు.

అందుకే నేను చెప్పే పాఠం చిన్నది. ముందు మాట్లాడండి, అనుమతి అడగండి. కూర్చున్న మనిషిని పైనుంచి తీయకండి, మీరూ కూర్చోండి. చోటు తెలిసేలా దూరం నుంచి ఒకటి, పని కనబడేలా దగ్గర్నుంచి ఒకటి, ముఖం ఒకటి తీయండి. పేరు వాళ్లనే అడిగి, ఊరు, తేదీతో సహా అక్కడికక్కడే రాసుకోండి. లైంగిక హింసకు గురైనవాళ్ల పేరు, ముఖం, ఊరు బయటపెట్టకండి, అది చట్టం. పేరు బయటికొస్తే దాడి జరిగే ప్రమాదమున్నవాళ్ల విషయంలోనూ అంతే, అది మన బాధ్యత.

మిగతా అందరికీ పేరు ఉంది. అడగండి, అచ్చు వేయించండి.